డాక్టర్ జేమ్స్ బారీ

1812వ సంవత్సరమున స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయము జేమ్స్ బారీ అను విద్యార్థికి వైద్యపట్టము నొసగినది. సిద్ధాంతవ్యాసము హెర్నియాను గూర్చినది. లాటిన్ భాషలో వ్రాయబడినది. మీసమైన మొలవని ఈ విద్యార్థి మరీ పసివాడని అధ్యాపకులు పరీక్షకు అడ్డు చెప్పగా, బుకన్ ప్రభువు కల్పించుకొని అనుమతి నిప్పించినాడు. వారు శంకించినది వయస్సును మాత్రమే.

ఆ విద్యార్థి అసలు పేరు మార్గరెట్ బల్క్‌లీ. 1789 ప్రాంతమున ఐర్లండులోని కార్క్ నగరమున జన్మించినది. కుటుంబము అప్పుల పాలైనది. చిత్రకారుడైన మేనమామ జేమ్స్ బారీ 1806లో కన్నుమూయగా, ఆయన మిత్రులు, వారిలో ముఖ్యముగా వెనిజులా విప్లవకారుడు జనరల్ మిరాండా, బాలిక చదువునకు చేయూత నిచ్చినారు. అయితే నాటి విశ్వవిద్యాలయములలో స్త్రీకి ప్రవేశము లేదు. 1809 చివర తల్లితో ఎడింబరో చేరునప్పటికి మేనమామ పేరే ఆమె పేరైనది, వేషము పురుషవేషమైనది.

1813లో బారీ బ్రిటిషు సైన్యమున వైద్యులుగా చేరినారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో చెరసాలల దుస్థితిని, కుష్ఠురోగుల ఆశ్రమపు అవస్థలను చక్కదిద్దుటకు అధికారులతో పోరాడినారు. 1826లో అక్కడ ఒక ప్రసవమున ఉదరమును కోసి శిశువును బయటికి తీయగా, తల్లీబిడ్డ లిరువురును బ్రతికినారు. మత్తుమందులు లేని ఆ దినములలో ఇది మిక్కిలి అరుదు. ఆ బిడ్డకు తలిదండ్రులు జేమ్స్ బారీ పేరే పెట్టుకొన్నారు. ముక్కోపియని పేరుబడినను, సామాన్య సైనికుని ఆహారము, పారిశుద్ధ్యము విషయమున బారీ ఎన్నడును రాజీపడలేదు. 1857లో కెనడాలో సైనిక వైద్యశాలల ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి నందుకొని, 1859లో విశ్రాంతి గొన్నారు.

1865 జులై 25న లండనులో బారీ మరణించినారు. శవమునకు స్నానము చేయించిన పనికత్తె వలన రహస్యము బయటపడినది. అయినను కెన్సల్ గ్రీన్ శ్మశానమున జేమ్స్ బారీ పేరుననే సమాధి వెలసినది.

ఆ సంవత్సరమే ఎలిజబెత్ గారెట్ లండనులో స్త్రీగానే వైద్యవృత్తికి అనుమతి పొందగా, అనుమతి నిచ్చిన సంస్థ పిమ్మట నిబంధనలు మార్చి ఆ దారి మూసివేసినది. 1869లో ఎడింబరోలో వైద్యవిద్యకు చేరిన స్త్రీలకు పట్టము లీయనక్కరలేదని 1873లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. అదే విశ్వవిద్యాలయపు పట్టమును అరువది యొక్క సంవత్సరములకు పూర్వమే ఒక స్త్రీ తన విద్యచేత గెలుచుకొన్నది. అందుకు మూల్యముగా తన పేరును జీవితాంతము విడిచిపెట్టినది.