కళ్యాణ శరణుల సమత్వము

శ్రీ బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో, నేటి కర్ణాటకమందలి బాగేవాడి అగ్రహారమునకు చెందిన మాదరస, మాదలాంబలకు జన్మించెను. లింగభక్తునకు కర్మకాండతో పని లేదని తలచి బాల్యముననే ఉపనయనమును నిరాకరించెను. పిమ్మట గృహమును వీడి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమును చేరి విద్య నభ్యసించెను.

తదనంతరము కలచుర్య బిజ్జలుని కొలువున గణకుడై, క్రమముగా కళ్యాణమున భాండాగారియయ్యెను. రాజధనమును ముట్టక, తన కాయక ఫలముతోడనే జంగమ దాసోహము నడపెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. అల్లమప్రభువు అధ్యక్షుడుగా వెలసిన అనుభవ మంటపమున చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, రాజభోగములను త్యజించిన అక్కమహాదేవి సరిసమానులుగా కూర్చుండిరి.

ఈ సమత్వమునకు కఠిన పరీక్ష వివాహ విషయమున ఎదురయ్యెను. చర్మకారుడైన హరళయ్య కుమారునకు బ్రాహ్మణ వంశీయుడైన మధువరసుడు తన కుమార్తెనిచ్చెను. ఇరువురును లింగధారులే గావున శరణుల దృష్టిలో అది సజాతి సంబంధమే. బిజ్జలుడు మాత్రము దానిని వర్ణసంకరమని యెంచి ఆ తండ్రులిరువురకును మరణదండన విధించెను. కళ్యాణము కల్లోలమాయెను, శరణులు చెల్లాచెదరైరి. 1167 ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసెను. బసవేశ్వరుడు పదవిని విడిచి, కూడలసంగమమున లింగైక్యమొందెను.

ఆ మహనీయుని చరితమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణముగా రచింపగా, 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను.

మెడలో లింగమును ధరించియు, సంబంధము కలుపుకొనునపుడు శాఖను, ఉపశాఖను విచారించు కుటుంబములు హరళయ్య, మధువరసుల త్యాగమును స్మరింపవలెను. బసవ జయంతి నాటి పూజకంటె ఆ స్మరణమే బసవేశ్వరునకు నిజమైన అర్చన.