గ్రేస్ హాపర్

గ్రేస్ హాపర్ (డిసెంబరు 9, 1906 - జనవరి 1, 1992) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ శాస్త్రవేత్త, నౌకాదళ అధికారిణి. ఒక యంత్రానికై వ్రాసిన ప్రోగ్రామును వేరొక యంత్రంపై నడిపించే సమస్యకు పరిష్కారం చూపినవారిలో ఈమె ప్రముఖురాలు.

తొలి జీవితం

హాపర్ న్యూయార్క్ నగరంలో జన్మించింది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందింది. వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేసింది. 1943లో నౌకాదళ రిజర్వులో చేరి, మరుసటి ఏడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్-1 యంత్రానికి ప్రోగ్రాములు వ్రాయడం మొదలుపెట్టింది.

భాషల రూపకల్పన

ఆ కాలంలో ప్రోగ్రాములను ఆయా యంత్రాల సంకేతాలలోనే వ్రాసేవారు. యంత్రం మారితే ప్రోగ్రామును మొదటినుండి తిరగవ్రాయవలసి వచ్చేది. హాపర్ 1952లో యునివాక్ యంత్రానికి ఏ-0 అనే తొలితరం కంపైలరును, తరువాత ఆంగ్ల పదాలతో వ్రాయదగిన ఫ్లో-మాటిక్ భాషను రూపొందించింది. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు ఫ్లో-మాటిక్ ముఖ్య ఆధారమైంది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్.సి.ఏ. 501, యునివాక్ 2 యంత్రాలు రెండింటిపైన స్వల్ప మార్పులతో నడిపి చూపారు.

ప్రమాణాల కొరకు కృషి

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. కంపెనీలు తమ కంపైలర్లలో సొంత మార్పులు చేర్చడంతో కోబాల్‌కు మాండలికాలు ఏర్పడ్డాయి. భాష పేరు ఒకటే అయినా ప్రోగ్రాము వేరొక యంత్రంపై నడవకపోయేది. 1967లో నౌకాదళం హాపర్‌ను తిరిగి విధులకు పిలిపించింది. కంపైలర్లు ప్రమాణానికి కట్టుబడి ఉన్నాయో లేదో పరీక్షించే ప్రోగ్రాములను ఈమె బృందం తయారుచేసింది.

చివరి రోజులు

1986లో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో పదవీ విరమణ చేసింది. 1992లో మరణించిన ఈమెను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. 2016లో మరణానంతరం అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించింది.