మట్టి మర్మమెరిగిన మహనీయుడు కార్ల్ టెర్జాగీ

రహదారిని చూచినప్పుడు మన దృష్టి తారు మీద, కంకర మీద నిలుస్తుంది. ఆ బరువునంతటినీ మోసే అడుగు మట్టిని గురించి ఆలోచించేవారు అరుదు. ఆ మట్టిని పరీక్షకు నిలబెట్టి, ఒక నూతన శాస్త్రానికి పునాది వేసిన కార్ల్ టెర్జాగీ జీవితాన్ని మా సోదర విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

టెర్జాగీ 1883 అక్టోబరు 2వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని ప్రాగ్ నగరంలో ఒక సైనికాధికారి ఇంట జన్మించారు. గ్రాట్జ్ సాంకేతిక విద్యాలయంలో 1904లో మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేశారు. కాని ఆయన మనస్సు యంత్రాలకంటె భూగర్భశాస్త్రంపైనే లగ్నమైంది. నిర్మాణపు పనులలో తిరుగుతూ ఒక లోటును గుర్తించారు. ఉక్కు దూలం ఎంత బరువు మోయగలదో ఇంజనీరు లెక్కకట్టి చెప్పగలడు. పునాది మట్టి విషయంలో మాత్రం అనుభవము, ఊహ, ఈ రెండే ఆనాటి ఆధారాలు.

ఈ లోటు తీర్చే తపనతో 1912లో అమెరికా వెళ్ళారు. ఆనకట్టలు కడుతున్న చోట్లు తిరిగి, నేల స్వభావాన్ని, కట్టడాల జయాపజయాలను సరిపోల్చి సూత్రాలు రాబట్టాలని ఆశించారు. ఆ శ్రమ వ్యర్థమైనట్లే తోచింది. ఇసుక, బంకమన్ను అన్న పేర్లున్నాయి గాని, ఒకే పేరుగల మన్ను ఒకచోట ఒక విధంగా, మరొకచోట మరొక విధంగా ప్రవర్తించింది. పేరు తెలిసినంత మాత్రాన గుణం తెలియదని, ప్రతి మట్టినీ కొలిచి చూడవలసినదేనని ఆ వైఫల్యమే ఆయనకు బోధించింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, ఉస్మానీ తురుష్క సామ్రాజ్య రాజధాని ఇస్తాంబుల్‌కు ఇంజనీరింగు ఆచార్యులుగా వచ్చారు. యుద్ధానంతరం ఆ కొలువు పోయింది. బాస్ఫరస్ జలసంధి గట్టునగల రాబర్ట్ కళాశాలలో బోధకులుగా చేరారు. తగిన ప్రయోగశాల లేదు. ఖాళీ చుట్టల పెట్టెలు, చెత్తకుప్పలో దొరికిన పాత సామాను, వీటితోనే పరికరాలు అమర్చుకొని మట్టిని కొలవసాగారు.

గుడ్డలో మూటగట్టిన పెరుగుపై రాయి ఉంచితే నీరు మెల్లమెల్లగా కారి, పెరుగు గట్టిపడి, మూట కుంగుతుంది. తడి బంకమన్ను తీరూ ఇటువంటిదే. పైన పడిన బరువును తొలుత రేణువుల నడుమ ఉన్న నీరు మోస్తుంది. నీరు తప్పుకొన్నకొలదీ భారం రేణువులకు చేరుతుంది. కట్టిన ఏండ్లకుగాని కట్టడం కుంగకపోవడానికి కారణమిదే. ఈ రహస్యాన్ని టెర్జాగీ 1923లో గణితబద్ధం చేశారు. 1925లో జర్మన్ భాషలో వెలువడిన ఆయన గ్రంథంతో మృత్తికా యాంత్రికశాస్త్రం అవతరించిందని పండితుల అభిప్రాయం.

ఆ ఏడే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆయనను ఆహ్వానించింది. అచ్చటి ప్రభుత్వ రహదారుల శాఖకు సలహాదారుగా, దారి అడుగు మట్టిని సులభంగా పరీక్షించే విధానాలపై 1926లో వ్యాసం ప్రకటించారు. 1929లో వియన్నాకు మరలి వచ్చినా, నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో తిరిగి అమెరికా చేరి, హార్వర్డులో బోధించారు.

శంకు పరీక్ష టెర్జాగీ సృష్టి కాదు. 1932లో హాలండ్ ప్రజాపనుల శాఖ ఇంజనీరు బారెంట్సెన్ మెత్తని నేలలో శంకువును గుచ్చి, అది ఎదుర్కొన్న ప్రతిఘటనను కొలిచారు. నేడు 60 డిగ్రీల మొనగల ఉక్కు శంకువును సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున నేలలోకి దింపుతారు. మొన వద్ద ప్రతిఘటన, పక్కల రాపిడి, నీటి పీడనం ఎడతెగకుండా నమోదవుతాయి. అక్కడొకటి ఇక్కడొకటి తీసిన నమూనాలలో దొరకని పలుచని మెత్తని పొర కూడా బయటపడుతుంది. శంకువును మధ్యలో ఆపి, నీటి పీడనం ఎంతసేపటికి తగ్గుతుందో చూస్తారు. దానిని బట్టి రహదారి కట్ట ఎంతకాలంలో కుంగుతుందో అంచనా కడతారు. ఆ అంచనాకు ప్రాణం ఇస్తాంబుల్‌లో పుట్టిన టెర్జాగీ సిద్ధాంతమే. ఈ పరీక్ష జరపక వేసిన దారి వంతెన మొదట కుంగితే, ఆ కుదుపునకు ప్రయాణికుని ప్రాణమే మూల్యం కావచ్చు.

1963 అక్టోబరు 25న టెర్జాగీ పరమపదించారు. కెనడాలో ఆయన సలహాపై కట్టిన మిషన్ ఆనకట్టకు 1965లో ఆయన పేరే పెట్టారు.

విద్యార్థి మిత్రులారా! పరికరాలు లేవని, వసతులు చాలవని మనము తరచు చింతిస్తాము. చింతించుటలో తప్పులేదు, ఆగిపోవుటలోనే తప్పున్నది. చుట్టల పెట్టెతో మట్టిని కొలిచిన ఆ బోధకుడు మనకు ఆదర్శం కావాలని మా ఆకాంక్ష.