నాట్యానికి పరువు తెచ్చిన పంతులమ్మ

నాకు పదకొండో ఏట డాన్సు మాన్పించేశారు. పెద్దపిల్లవయ్యావు, ఇంకా నలుగురి ముందూ ఆ గంతులేమిటని బామ్మ గోల. నాన్న నోరు మెదపలేదు. గజ్జెలు అటకెక్కాయి. అందుకేనేమో, ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్యనున్న తాహితీ దీవిలో నాట్యాన్ని నిలబెట్టిన మదలీన్ మువా కథ నన్ను అంతగా పట్టేసింది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు అక్కడి ఆట గురించి చెప్పాలి. ఓతెయా అని ఒకటుంది. పాట ఉండదు, వట్టి డోళ్ల మోతే. ఆ దరువుకి ఆడవాళ్ల నడుములు చకచకా తిరుగుతాయి, మగవాళ్లు మోకాళ్లని కత్తెరలా ఆడిస్తారు. అపరిమా అనేది ఇంకొకటి. అందులో చేతులే కథ చెబుతాయి, మన అభినయంలాగ. పూర్వం పూజ అయినా, విందు అయినా ఆట ఉండాల్సిందే. రాత తెలియని ఆ రోజుల్లో పెద్దల కథలు పిల్లలకి అందిన దారుల్లో అదొకటి.

1797లో ఇంగ్లండు నుంచి క్రైస్తవ మిషనరీలు ఓడ దిగారు. వాళ్ల కంటికి ఆ ఆట బూతుగా కనిపించింది. రాజు రెండో పొమారే వాళ్ల మతం పుచ్చుకున్నాడు. 1819లో చట్టం చేసి ఆటని నిషేధించేశాడు. తర్వాత వచ్చిన ఫ్రెంచి దొరలూ ఆంక్షలు పెట్టారు. 1881లో మొదలైన జూలై పండుగ పుణ్యమా అని మెల్లగా కాస్త వెసులుబాటు దొరికింది. కానీ చట్టం సడలినంత తేలిగ్గా మనుషుల మనసులు సడలవు కదా! ఆడే ఆడదంటే పరువు లేనిదనే మాట నిలిచిపోయింది.

మదలీన్ మువా 1899లో పుట్టింది. బడిపంతులమ్మ. ఒకసారి ఫ్రాన్సు వెళ్లినప్పుడు, అక్కడి పల్లెల నాట్యబృందాలు చక్కటి దుస్తుల్లో, దర్జాగా తమ ఆటలు ఆడటం చూసింది. వాళ్లకి లేని సిగ్గు మనకెందుకు అనుకుని ఉంటుంది. 1956లో హేవా అనే పేరుతో బృందం పెట్టింది. అప్పటికి ఆవిడ వయసు 57. మనమైతే ఇక కృష్ణా రామా అనుకునే వయసు!

అసలు కష్టం అడుగులు నేర్పడం కాదు, ఆడపిల్లల్ని పంపమని తల్లిదండ్రుల్ని ఒప్పించడం. అడిగింది ఊరికి తెలిసిన పంతులమ్మ కాబట్టి కాదనడం కష్టమైంది. సాధన బడిలో పాఠంలా క్రమశిక్షణతో సాగేది. మందార జాతి చెట్టు నారతో కట్టే పావడాలు, పూలూ, గవ్వలూ అన్నీ ఒక తీరుగా ఉండాల్సిందే. ఆవిడ దగ్గర ఆడినవాళ్లలో కోకో హోతాహోతా 1962లో తెమయేవా అనే సొంత బృందం పెట్టి గొప్ప గురువయ్యాడు. ఆవిడ 1989లో కన్నుమూసింది. ఇప్పుడు ఏటా జూలైలో పపేతేలో జరిగే హేవా ఉత్సవంలో ఊళ్లకి ఊళ్లే పోటీపడి ఆడతాయి.

నాకొకటే గుచ్చుకుంటుంది. గౌరవస్తుల పిల్లలు వచ్చాక ఆటకి గౌరవం వచ్చింది, సరే. మరి నిందలు పడుతూనే అన్నేళ్లు దాన్ని బతికించిన ఆడవాళ్ల పేర్లేవి? మన దగ్గరా అంతే. 1947లో మద్రాసు చట్టం వచ్చాక గుళ్లో కళావంతుల ఆట ఆగిపోయింది. ఆ విద్యలో మిగిలిన దాన్ని మనం వేదికలెక్కించుకున్నాం. వాళ్లని ఎందరం తలుచుకుంటున్నాం?

మా అమ్మాయికి మొన్ననే పదకొండు నిండింది. చుట్టాల్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. సాయంత్రాలు దాన్ని డాన్సు క్లాసుకి నేనే దింపి వస్తున్నాను.