లారీలు పొట్టకొట్టాయి.. 50 దాటాక బ్యాంజో స్టార్‌ని చేసింది!

50 ఏళ్లు దాటాక కొత్త పని మొదలుపెట్టాలంటే ఎవరైనా వెనకాడతారు. కానీ అమెరికాలో ఓ బండి తోలే పెద్దాయన ఆ వయసులోనే బ్యాంజో నమ్ముకుని రేడియో స్టార్ అయ్యారు. ఆయనే అంకుల్ డేవ్ మేకన్.

1870 అక్టోబర్ 7న టెనెసీ రాష్ట్రంలో పుట్టారు. ఆయన చిన్నతనంలో ఇంట్లోవాళ్లు నాష్‌విల్‌లో హోటల్ నడిపారు. సర్కస్, నాటకాల వాళ్లు అక్కడే దిగేవారు. వాళ్లలో జోయెల్ డేవిడ్‌సన్ అనే సర్కస్ హాస్యగాడి వాయింపు చూసి డేవ్‌కి బ్యాంజో పిచ్చి పట్టుకుంది. ఇంతలోనే పెద్ద దెబ్బ. 1886లో తండ్రి హత్యకు గురయ్యారు. తల్లి హోటల్ అమ్మేసి రెడీవిల్ అనే ఊళ్లో గుర్రపు బళ్ల మజిలీ నడిపారు. బళ్లు ఆగినప్పుడల్లా ప్రయాణికులకు డేవ్ బ్యాంజో వినిపించేవారు.

1900 ప్రాంతంలో కంచర గాడిదల బళ్లతో సరుకు రవాణా మొదలుపెట్టారు. మర్‌ఫ్రీస్‌బరో నుంచి వుడ్‌బరీ దాకా రోజూ అదే దారి, దారంతా పాటలే. దాదాపు 20 ఏళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత లారీలు దిగాయి. గాడిదల బళ్లు పోటీకి నిలవలేకపోయాయి. ఆయన మాత్రం లారీ వైపు వెళ్లలేదు.

అప్పటిదాకా సరదాకి వాయించిన బ్యాంజోనే బతుకుదెరువు అయింది. 1924లో న్యూయార్క్ వెళ్లి తొలి రికార్డులు ఇచ్చారు. 1925లో మొదలైన డబ్ల్యూఎస్ఎం రేడియోలో, గ్రాండ్ ఓల్ ఓప్రీ షోకి తొలి స్టార్ అయ్యారు.

ఆయన వెంట మూడు బ్యాంజోలు ఉండేవి. ఒక్కోటి ఒక్కో శ్రుతిలో! పాట మారితే బ్యాంజో మారేది, శ్రుతి కోసం జనం ఎదురుచూసే పని ఉండేది కాదు. స్టేజీ మీద బ్యాంజోని గిరగిరా తిప్పుతూ వాయిస్తుంటే ఈలలే ఈలలు.

ఆ కాలం బ్యాంజోని కాపాడుకోవడం కూడా తేలిక కాదు. దాని ముఖానికి దూడ తోలు బిగించేవారు. గాలిలో తేమ పెరిగితే తోలు సాగి మోత మందగిస్తుంది. మన దగ్గర డప్పుని మంట దగ్గర కాచేది అందుకే కదా! బ్యాంజోకి అయితే చుట్టూ ఉన్న మరలు కొంచెం కొంచెంగా, అన్ని వైపులా సమానంగా బిగించాలి. ఒకవైపే ఎక్కువ బిగిస్తే, లేదా ఎండకి బిర్రుగా ఎండితే తోలు చిరిగిపోతుంది.

1952 మార్చి 1న కూడా ఆయన స్టేజీ ఎక్కారు. మూడు వారాలకే, మార్చి 22న కన్నుమూశారు. అప్పటికి వయసు 81. 1966లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటు దక్కింది. లారీలు ఆపేసిన బండి దారిలో, మర్‌ఫ్రీస్‌బరోలో ఆయన పేరుతో పాత సంగీతం పండగలు కూడా జరిగాయి.