సోమరినని తననే తిట్టుకున్న డిక్షనరీ మనిషి

ఇంగ్లిష్ డిక్షనరీ అనగానే గుర్తొచ్చే పేరు శామ్యూల్ జాన్సన్. 1755లో వచ్చిన ఆయన డిక్షనరీలో 42 వేలకు పైగా పదాలు ఉన్నాయి. అలాంటి మనిషి మధ్యాహ్నం దాకా మంచం దిగేవారు కాదని, తనంత సోమరి లేడని డైరీల్లో ఏళ్ల తరబడి తిట్టుకున్నారని చెబితే మా పిల్లలు కూడా నమ్మరు.

జాన్సన్ 1709లో ఇంగ్లండ్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి పుస్తకాల వ్యాపారి. చిన్నప్పుడే జబ్బు చేసి ఒక కంటిచూపు దాదాపు పోయింది. ఇంట్లో పుస్తకాలకు లోటు లేదు, డబ్బుకే లోటు. 1728లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరారు గానీ ఖర్చులు భరించలేక ఏడాది దాటగానే డిగ్రీ లేకుండా తిరిగొచ్చారు.

ఇంటికొచ్చాక ఆయన ఎంత కుంగిపోయారంటే, ఊళ్లో గడియారం వైపు చూసినా టైమెంతో తెలుసుకోలేకపోయేవారట. ఈ మాట ఆయనే తర్వాత స్నేహితుడితో చెప్పుకున్నారు. దాన్నుంచి బయటపడాలని బర్మింగ్‌హామ్ దాకా నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చేవారు. చూసేవాళ్లకు అది పనీపాటా లేని కుర్రాడి తిరుగుడు. ఇప్పుడైతే డాక్టర్లు దానికి డిప్రెషన్ అని పేరు పెట్టేవారనుకుంటాను. జాన్సన్ మాత్రం చివరిదాకా తనను సోమరినని తిట్టుకుంటూనే ఉన్నారు. భక్తిపరుడు కాబట్టి, దేవుడిచ్చిన తెలివిని వాడనందుకు లెక్క చెప్పాల్సి వస్తుందని భయపడేవారు.

1735లో పెళ్లయ్యాక భార్య డబ్బుతో ఒక స్కూలు పెట్టారు. చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో డేవిడ్ గారిక్ ఒకడు. స్కూలు రెండేళ్లు కూడా నడవలేదు. 1737లో గురువూ శిష్యుడూ కలిసే లండన్ దారి పట్టారు. శిష్యుడు కొన్నేళ్లలోనే దేశమంతా చెప్పుకునే నటుడయ్యాడు. గురువుగారు పత్రికలకు రాస్తూ అరకొర సంపాదనతో గడిపారు.

1746లో కొందరు పుస్తక ప్రచురణకర్తలు డిక్షనరీ రాసిపెట్టమని ఒప్పందం చేసుకున్నారు. మూడేళ్లలో ఇస్తానని చెప్పి దాదాపు తొమ్మిదేళ్లు తీసుకున్నారు. గఫ్ స్క్వేర్‌లోని ఇంటి అటకే ఆఫీసు. ఆయన పుస్తకాలు చదువుతూ, పదం మంచి అర్థంలో కనిపించిన చోట పెన్సిల్‌తో గీత గీసి, దాని మొదటి అక్షరం పక్కన వేసేవారు. ఆరుగురు సహాయకులు ఆ వాక్యాలను చీటీల మీదికి ఎత్తి రాసేవారు. అలా లక్షకు పైగా ఉదాహరణలు పోగయ్యాయి. మధ్యలో, 1752లో, భార్య చనిపోయారు.

ఇంత చేసిన మనిషి 1758లో ఒక వ్యాసాల వరుస మొదలుపెట్టి దానికి 'ది ఐడ్లర్' అని, అంటే సోమరి అని, పేరు పెట్టారు! సోమరితనాన్ని లోపల్నుంచి ఎరిగినవాడు రాసిన వ్యాసాలవి.

ఆ 'ఐడిల్' అనే మాట సంగతి చూడండి. పాత ఇంగ్లిష్‌లో దానికి అర్థం ఖాళీ. విచిత్రమేమిటంటే, ఇప్పుడు ఖాళీ అనే అర్థంలో వాడే 'ఎంప్టీ'కి అప్పట్లో తీరిగ్గా ఉండటం అని అర్థం. మనమూ ఖాళీ గిన్నె అంటాం, ఖాళీగా కూర్చున్నాడు అనీ అంటాం కదా. 'స్లాత్' మాట 'స్లో' నుంచి వచ్చింది. నెమ్మదితనం పాపాల జాబితాలోకి ఎక్కింది, తర్వాత ఒక జంతువుకు పేరూ అయ్యింది. 'ఇండొలెంట్'ది లాటిన్ మూలం, నొప్పి తెలియకపోవడం అని దాని అర్థం. నొప్పి లేని పుండును డాక్టర్లు ఆ మాటతోనే చెప్పేవారు. అది సోమరి అనే అర్థంలో వాడుకలోకి వచ్చింది జాన్సన్ కాలంలోనే. అందరం రోజూ వాడే 'లేజీ' ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

ఖాళీ, నెమ్మది, నొప్పి తెలియకపోవడం: మూడూ వేర్వేరు సంగతులు. పేరెంట్స్ మీటింగ్‌లో మూడింటికీ కలిపి లేజీ అనే ఒక్క మాటే వినిపిస్తుంది. టీచర్లమూ అదే అంటాం లెండి. పై మూడింటిలో జాన్సన్‌కు 'ఇండొలెంట్' అసలే సరిపోదు, ఆయన బాధంతా నొప్పి మరీ ఎక్కువగా తెలియడమే.

అలాగని ఆయనను వెనకేసుకురావడం కుదరదు. షేక్‌స్పియర్ నాటకాల ప్రచురణకని 1756 నుంచే చందాలు తీసుకుని, పుస్తకం 1765 దాకా ఇవ్వలేదు. డబ్బు తీసుకున్నాడు, పుస్తకమేదీ అని ఒక కవి బహిరంగంగా ఎగతాళి చేశాక గానీ పని ఊపందుకోలేదు. అదే మనిషి 1759లో తల్లి అంత్యక్రియల ఖర్చు కోసం 'రాసెలస్' అనే నవలను ఒక వారం సాయంత్రాల్లో రాసేశారు.

1762లో రాజుగారు ఏటా 300 పౌన్ల పెన్షన్ ఇచ్చాక రాయాల్సిన అవసరం తగ్గింది. రాత్రి పొద్దుపోయేదాకా టీ తాగుతూ కబుర్లు, పగలు నిద్ర. పండగలకూ పుట్టినరోజులకూ ఇకనుంచి పొద్దున్నే లేస్తానని రాసుకునేవారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే తీర్మానం. అయినా డెబ్బై ఏళ్ల వయసులో ఇంగ్లిష్ కవుల జీవితాలు రాసి పూర్తి చేశారు.

1784 డిసెంబరు 13న, 75 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేశారు. దగ్గర్లోనే ఐదేళ్ల ముందు సమాధి చేసిన గారిక్ ఉన్నాడు, ఆ మూతపడిన స్కూలు పిల్లాడు.