లారెన్స్ హార్‌గ్రేవ్

లారెన్స్ హార్‌గ్రేవ్ (1850 జనవరి 29 - 1915 జూలై) ఆస్ట్రేలియాకు చెందిన ఇంజనీరు, అన్వేషకుడు, వైమానిక శాస్త్ర మార్గదర్శకులలో ఒకడు. పెట్టె గాలిపటము (బాక్స్ కైట్) ఇతని ముఖ్యమైన ఆవిష్కరణ. జీవితంలో సగభాగం విమాన నమూనాల తయారీకే వెచ్చించినా, తన ఆవిష్కరణలలో దేనిపైనా పేటెంటు తీసుకొనక, వాటి ఫలితాలను అందరికీ ఉచితంగా అందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

బాల్యము, సముద్ర ప్రయాణాలు

హార్‌గ్రేవ్ ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ ఫ్లెచర్ హార్‌గ్రేవ్ న్యూ సౌత్ వేల్స్‌లో న్యాయమూర్తిగా పనిచేశాడు. లారెన్స్ 1865లో, పదిహేనేళ్ళ వయసులో, ఓడలో సిడ్నీ చేరుకున్నాడు. వచ్చిన కొద్దికాలానికే ఒక చిన్న తెరచాప ఓడలో ఆస్ట్రేలియా తీరమంతా చుట్టివచ్చాడు. కుమారుడు న్యాయశాస్త్రం చదవాలని తండ్రి కోరిక. కానీ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడు కాకపోవడంతో 1867లో ఒక స్టీమరు కంపెనీ కర్మాగారంలో పని నేర్చుకొనడానికి చేరాడు. అక్కడ అలవడిన లోహపు పని, చెక్కపని తరువాతి ప్రయోగాలకు పునాది అయ్యాయి.

1872లో న్యూగినీకి బయలుదేరిన మరియా అనే ఓడలో ఇతడు ప్రయాణించాడు. ఆ ఓడ క్వీన్స్‌లాండ్ తీరాన బ్రాంబుల్ దిబ్బను ఢీకొని మునిగిపోయింది. చాలామంది మరణించగా హార్‌గ్రేవ్ ప్రాణాలతో బయటపడ్డాడు. అయినా సముద్రాన్ని విడువలేదు. 1875లో మెక్లే యాత్రలో ఇంజనీరుగా, 1876లో ఇటలీ దేశీయుడైన డి'ఆల్బర్టిస్‌తో కలిసి ఫ్లై నదిపై న్యూగినీ లోతట్టు ప్రాంతాలకు వెళ్ళాడు. 1878లో మార్గరెట్ ప్రెస్టన్ జాన్సన్‌ను వివాహమాడి, సిడ్నీ ఖగోళ వేధశాలలో సహాయకుడిగా చేరాడు. జీవనానికి సరిపడా ఆదాయం ఉండడంతో 1883లో ఆ ఉద్యోగం మాని పూర్తికాలం ప్రయోగాలకు అంకితమయ్యాడు.

విమాన నమూనాలు

అలల కదలికను, చేపలు, పాములు, పక్షులు ముందుకు సాగే తీరును ఇతడు నిశితంగా పరిశీలించాడు. ఆ సూత్రాన్ని గాలికి అన్వయించి, రెక్కలాడించే నమూనాలను స్వయంగా తయారుచేశాడు. తొలి నమూనాలు మెలిపెట్టిన లేదా సాగదీసిన రబ్బరు పట్టీల శక్తితోను, తరువాతివి సంపీడన వాయువుతోను ఎగిరేవి. 1889లో రోటరీ ఇంజను నిర్మించాడు. ఇందులో ఇరుసు నిలిచి ఉండగా సిలిండర్లే దాని చుట్టూ తిరుగుతాయి. ఇదే సూత్రంతో 1908లో ఫ్రాన్సులో నోమ్ ఇంజను తయారై విమానాలలో విస్తారంగా వాడబడినది.

పెట్టె గాలిపటము

1893లో హార్‌గ్రేవ్ సిడ్నీకి దక్షిణాన ఉన్న స్టాన్‌వెల్ పార్కు అనే సముద్రతీర గ్రామానికి మారాడు. అక్కడి ఎడతెగని సముద్రపు గాలి ప్రయోగాలకు అనుకూలించింది. అదే సంవత్సరం పెట్టె గాలిపటాన్ని రూపొందించాడు. రెండు గుల్ల పెట్టెలను కొంత ఎడంగా కర్రలతో కలిపిన ఈ గాలిపటానికి సాధారణ గాలిపటంకన్నా స్థిరత్వము, ఎత్తే శక్తి ఎక్కువ. 1894 నవంబరు 12న నాలుగు పెట్టె గాలిపటాలను ఒకే తాటికి కట్టి, వాటి క్రింద ఆసనంపై కూర్చుని 16 అడుగుల (సుమారు 4.9 మీటర్లు) ఎత్తుకు లేచాడు. గాలి వేగాన్ని కొలిచే పరికరం కూడా తనతో తీసుకువెళ్ళాడు.

ఈ గాలిపటాలను అమెరికాలో వాతావరణ పరిశీలకులు పరికరాలను పైకి పంపడానికి ఉపయోగించారు. 1906లో సాంటోస్-డుమాంట్ ప్యారిస్‌లో ఎగిరించిన విమానము, వాయిసిన్ సోదరుల తొలి విమానాలు కూడా ఈ పెట్టె నిర్మాణాన్నే అనుసరించాయి. కానీ హార్‌గ్రేవ్ మాత్రం ఇంజనుతో ఎగరలేకపోయాడు. అతడు తయారుచేసిన ఆవిరి ఇంజన్లు బరువుకు తగిన శక్తి ఇవ్వకపోవడమే దీనికి ప్రధాన కారణము.

పేటెంట్ల తిరస్కరణ

పేటెంట్లు, రహస్యాలు వైమానిక శాస్త్రాభివృద్ధికి ఆటంకమని ఇతని అభిప్రాయము. అందువలన సఫలమైన ప్రయోగాలనే కాక విఫలమైన వాటిని కూడా కొలతలతో సహా న్యూ సౌత్ వేల్స్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. అమెరికాలోని ఆక్టేవ్ షన్యూట్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. 1899లో ఇంగ్లండు వెళ్ళి తన గాలిపటాలను ప్రదర్శించాడు. ఈ ఔదార్యం వలన ధనలాభమేమీ కలుగలేదు.

చివరి రోజులు

నమూనాలను భద్రపరచడానికి సిడ్నీలో తగిన ఏర్పాటు కుదరకపోవడంతో, వాటిలో అధిక భాగాన్ని జర్మనీలోని మ్యూనిక్ నగరపు డాయిచెస్ మ్యూజియానికి ఇచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో వాటిలో చాలా నాశనమయ్యాయి. మిగిలినవి తరువాత సిడ్నీ చేరాయి. చివరి దశలో స్పెయిన్ ఓడలు పూర్వమే సిడ్నీ రేవుకు వచ్చాయని వాదించాడు కానీ చరిత్రకారులు అంగీకరించలేదు.

1915 మే నెలలో కుమారుడు జెఫ్రీ గల్లిపోలి యుద్ధరంగంలో మరణించాడు. రెండు నెలలకే, అపెండిసైటిస్ శస్త్రచికిత్స అనంతరం ఉదరంలో ఏర్పడిన ఇన్‌ఫెక్షన్ వలన హార్‌గ్రేవ్ మరణించాడు. సిడ్నీలోని వేవర్లీ శ్మశానవాటికలో ఖననం చేయబడ్డాడు.

గుర్తింపు

1940లో స్టాన్‌వెల్ పార్కు వద్ద బాల్డ్ హిల్ కొండపై స్మారక చిహ్నం నెలకొల్పబడింది. 1966 నుండి 1994 వరకు ముద్రితమైన ఆస్ట్రేలియా 20 డాలర్ల కాగితపు నోటుపై ఒక వైపు ఇతని చిత్రము ఉండేది. ఆ తీరం వెంబడి సాగే రహదారికి ఇతని పేరే పెట్టారు.